పిలుపు ఆగదు, నూకరాజన్నా

నిన్న పొద్దున బడా బజార్‌లో మా సైకిల్ స్పేర్ పార్ట్స్ షాపు షట్టర్ సగం ఎత్తాను. ఫోన్ వచ్చింది.

"నూకరాజన్న లేడు" అన్నారు.

ఎక్కడికెళ్లాడని అడిగాను. అవతల నుంచి ఏడుపు వినబడింది.

షట్టర్ అలాగే వదిలేసి వెళ్లిపోయాను.

గుట్ట దగ్గర సైకిల్ ట్రైనింగ్ ముగించి, అన్న హైవే అంచున మెల్లగా తొక్కుకుంటూ ఇంటికి వస్తున్నాడట. వెనక నుంచి లారీ గుద్దింది. అంతే.

అప్పటి నుంచి ఒకటే మాట వింటున్నాను. ఆసుపత్రిలో విన్నాను, మా పేటలో విన్నాను, వాట్సాప్‌లో కూడా చదివాను.

"ఆ వయసులో సైకిలేటి, కొండలెక్కుడేటి? ఆ పిచ్చే సంపేసింది."

దానికి జవాబుగానే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అన్నది సముద్రం ఒడ్డున మా పేటే. చేపల బేరం. వయసులో ఉండగా వల లాగినవాడు. మౌంటెన్ బైక్ సరదా ఆలస్యంగా పట్టింది, గట్టిగా పట్టింది.

హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్ అని నేనే యూట్యూబ్‌లో చూపించాను. కాసేపు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎక్కాలి. తర్వాత తేలిగ్గా తొక్కుతూ ఊపిరి తెచ్చుకోవాలి. మళ్లీ ఎక్కాలి.

అన్న మొత్తం చూశాడు. "ఇది వల లాగుడే కదరా" అన్నాడు.

ఒడ్డు నుంచి పెద్ద వల లాగేటప్పుడు ఒకడు "ఐలెస్సా" అని పిలుపు ఇస్తాడు. పిలుపు ఉన్నంతసేపు అందరూ లాగాలి. పిలుపు ఆగితే తాడు వదలకుండా ఊపిరి తీసుకోవాలి.

ఆ రోజుతో మా సైకిల్ గ్రూపులో టైమర్ పోయింది. అన్న గుట్ట పక్కన నిలబడి "ఐలెస్సా" అంటే ఎక్కడం, ఆపితే తేలిగ్గా తొక్కడం. గోసాని నువాగాం నుంచి వచ్చే ఒడియా కుర్రాళ్లకు కూడా ఆ పిలుపు వచ్చేసింది. అన్న తొక్కే వంతు వచ్చినప్పుడు ఆయన కూతురు గౌరి పిలిచేది.

ఒకసారి గులకరాళ్ల మీద వెనక చక్రం జారి, సగంలో కాలు కింద పెట్టాను.

"అన్నా, ఇంక నావల్ల కాదు, ఊపిరాడట్లేదు."

"ఊపిరాడనోడివి ఇంత మాటెలాగ ఆడినావురా? లోపల ఇంకా ఉంది. సీటు మీద ముందుకి జరిగి తొక్కు."

అందరూ నవ్వారు. రోషంతో పైదాకా ఎక్కాను.

కిందికి వచ్చాక అన్న దగ్గరికొచ్చాడు. "మీ ఇంట్లోవోళ్ల పేర్లు సెప్పు."

ఊపిరి అందక అమ్మ పేరు దగ్గరే ఆగిపోయాను.

"కూకో. ఇయ్యాల నీకింక పిలుపు లేదు."

నేను వినలేదు, మళ్లీ సైకిలెక్కబోయాను. అన్న నా సైకిల్ ముందు చక్రం ఊడదీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ట్రైనింగ్ అయ్యేదాకా ఇవ్వలేదు.

పిచ్చివాడు చేసే పనా ఇది?

హైవే మీద అన్న ఏనాడూ స్పీడుగా తొక్కలేదు. అన్నను చంపింది గుట్ట కాదు, సైకిల్ కాదు. లారీ. ఆ మాట సరిగ్గా చెప్పండి.

నిన్న సాయంత్రం శ్మశానం నుంచి వచ్చేసరికి అన్న వాళ్ల చిన్నాన్న గౌరి సైకిల్‌ను గొలుసుతో స్తంభానికి కట్టేసి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"ఆడపిల్లకి కొండలేటి? తండ్రిని మింగింది సాలదా?"

గౌరి గొలుసు వైపు చూస్తూ నిలబడింది.

వదిన లేచి వచ్చింది.

"మా మావని సముద్రం తీసుకుపోనాది. అప్పుడు పడవలన్నీ తగలెట్టేసినారేటి, సిన్నమావా?"

వదిన గొలుసు మీద చెయ్యి వేసింది.

"మైల తీరినాక వల మొదటి తాడు పోయినోడి ఇంట్లోవోళ్ల సేతికే కదేటి ఇస్తారు? ఈయన తాడు ఇదే. తాళం తియ్యి."

అది మా పేట ఆచారమే. మళ్లీ వల లాగే రోజు ముందుగా తాడు పట్టేది ఆ ఇంటివాళ్లే.

పెద్దాయన చాలాసేపు మొలతాడు ముడితో అవస్థపడ్డాడు. తాళంచెవి గౌరి చేతిలో పెట్టి, నా వైపు తిరిగి కసురుకున్నాడు.

"సూత్తావేటిరా? షాపుంది కదా నీకు. ఎనకాల ఎర్ర లైటు కట్టు దీనికి. పగలు కూడా మెరిసేది."

అన్న సైకిల్‌కూ లైటు ఉంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఈ పొద్దున షాపు తెరిచి మొదట గౌరి సైకిల్‌కు కట్టాల్సిన ఎర్ర లైటే తీసి పక్కన పెట్టాను.

మైల తీరేదాకా మేమెవరం గుట్టకు వెళ్లం. తీరిన మర్నాడు పొద్దున అందరం అక్కడే ఉంటాం. పిలుపు గౌరిది. ఇష్టం లేనివాళ్లు కామెంట్ పెట్టుకోండి. మేం మాత్రం ఆగం.

అన్నా, తాడు మేం పట్టుకున్నాం. ఇంక నువ్వు వదిలెయ్.

ఒడ్డున సల్లగా కూకో.