మడతలో వదిలిన జాగా

మెడలో టేపు లేకుండా ఆ దర్జీని చూసినవాళ్లు వీధిలో లేరు. అందుకే అందరికీ ఆయన ‘టేపు’ అయిపోయాడు. కునుకు తీస్తున్న పిల్లికి కూడా నడుం కొలత తీసి, అంగుళం లూజు వదలాలని రాసుకున్నాడట. నమ్మకపోతే వెళ్లి పిల్లినే అడగండి.

టేపుకి కొత్త మొక్కల పిచ్చి. కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్లిన ప్రతి ఇంటా ఓ కొమ్మ అడిగి తెచ్చుకునేవాడు. ఆ వివరాలన్నీ ఖాతాదారుల కొలతల పుస్తకంలోనే, వెనక పేజీల్లో రాసేవాడు: ‘ముద్ద మందారం. ఇప్పుడు ఎత్తు పద్నాలుగు, చుట్టు తొమ్మిది. మూడేళ్లకి ఎత్తు డెబ్బై. పొద్దుటి ఎండ చాలు.’ ఎదిగే పిల్లల బట్టలకు మడతలో గుడ్డ వదిలినట్టే, మొక్కకూ మొక్కకూ మధ్య జాగా వదిలేవాడు. దాంతో అంత పెరట్లోనూ ఏడే మొక్కలు.

అప్పుడే, అదే ఇంట్లో ఉండే వాళ్ల వదిన స్కూటరు కొంది.

“ఏమయ్యా మరిదీ, ఇది తోటా, బట్టతలా?”

“ఇప్పుడలాగే ఉంటుంది వదినా. మూడేళ్లు ఆగండి.”

“మూడేళ్లా! నీ దగ్గర జాకెట్టు కోసం మూడు నెలలు ఆగింది చాలు. ఆదివారం మేస్త్రీ వస్తాడు. ఇవన్నీ పీకించి గచ్చు చేయిస్తా. నా బండి పెట్టుకోడానికి జాగా లేదు.”

టేపు ఏడు మొక్కల మధ్యా నిలబడి లెక్క వేశాడు. ఖాళీల్లో ఇంకో పది మొక్కలు కుక్కితే వదిన నోరు మూతపడుతుంది. కానీ ఏడాది తిరక్కుండా ఒకదాన్నొకటి నొక్కి చంపుకుంటాయి. శనివారమంతా పుస్తకం తిప్పాడు. సాయంత్రం లేచి స్కూటరు కొలతలు తీశాడు.

‘స్కూటరు. పొడవు డెబ్బై రెండు, వెడల్పు ఇరవై ఎనిమిది. నీడ కావాలి. నీళ్లు అక్కర్లేదు. పెరగదు.’

మందారానికీ సన్నజాజికీ మధ్య బండి కొలిచి కుట్టినట్టు పట్టింది. మేస్త్రీ వచ్చినదారినే వెళ్లిపోయాడు.

మూడో ఏడు వానాకాలంలో వదిన నెల్లాళ్లు ఊరెళ్లి వచ్చింది. మందారం డెబ్బై రెండు అంగుళాలుంది. సన్నజాజి హ్యాండిలు చుట్టి, చక్రాల్లో దూరి, అద్దాల మీద పూసింది.

“ఇప్పుడు దీన్ని బయటికి లాగేదెలా?”

టేపు పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూశాడు.

“మొక్కలకే లూజు వదిలాను వదినా. బండికి వదల్లేదు.”

ఆవిడ అద్దం మీది పూలు కోసుకుని, ఆఫీసుకు నడిచి వెళ్లింది.