మిరపకాయల క్లాసులో ఫ్యాను

మొన్న మా స్కూలు మొత్తాన్ని నేనొక్కదాన్నే గ్రౌండ్లోకి తరిమేశాను. అదీ ఒక మనిషికి మర్యాద చెయ్యబోయి. ముందు టీ తాగండి, చెప్తాను.

ఇప్పుడు పిల్లలకి పుస్తకాలతో పాటు చేతిపని కూడా నేర్పాలంటున్నారు కదా. మా హైస్కూల్లో ఆ పీరియడ్ నా నెత్తిన పడింది. నేనేమో సోషల్ టీచర్ని, పుట్టి పెరిగింది ఒంగోలు టౌన్లో. ట్రైనింగ్‌లో "మీ ఊళ్ళో ఏ పని ఉందో దాంతోనే మొదలుపెట్టండి" అన్నారు. మా స్కూలున్న ఊళ్ళో మిరపకాయలు తప్ప ఏముంది? ఎర్ర కాయల్లోంచి తెల్లబడిన తాలు కాయలు ఏరడం నేర్పుదామని ఒక రైతుని అడిగి బస్తా ఎండుకాయలు తెప్పించాను. చార్టు కూడా రాశాను, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో.

క్లాసు మొదలవకముందే ఎనిమిదో తరగతి కీర్తన వాళ్ళమ్మ మరియమ్మ గుమ్మంలో నిలబడింది. పొద్దస్తమానం కల్లాల్లో కాయలేరే మనిషి.

"మా పిల్ల కాయలేరకూడదనే గదా మేడం, నేను ఏరేది. ఆ పనికైతే నా వెంట కల్లానికే వచ్చేది, బడెందుకు? ఈ క్లాసులోంచి తీసెయ్యండి. లేదంటే ఇంటికి తీసుకుపోతా."

నిజం చెప్పొద్దూ, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కానీ ట్రైనింగ్ వేడి నాకింకా దిగలేదు. "అది కూలి పనండీ, ఇది స్కిల్లు. మేం సైంటిఫిక్‌గా చేస్తాం. ఒక్కసారి కూర్చుని చూడండి" అని నా కుర్చీ ఆవిడకే వేశాను. అంచు మీద కూర్చుంది. పాపం, చెమటలు కారిపోతున్నాయి. ఈలోపు పిల్లలు బస్తా నేలమీద కుమ్మరించారు. నేను వెళ్ళి స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఫ్యానొద్దు మేడం."

"ఫర్వాలేదండీ, మొహమాటపడకండి."

"మొహమాటం కాదండీ, వద్దు."

ఆమాత్రం మర్యాద చెయ్యలేమా అని రెగ్యులేటర్ ఐదు మీద పెట్టాను.

ఇంక చూస్కోండి. బస్తా అడుగు పొడంతా గాల్లోకి లేచింది. ముందు బెంచీలో ఒక తుమ్ము, ఆ వెంటనే నలభై దగ్గులు. పక్క గదిలో టెన్త్ వాళ్ళకి లెక్కల టెస్టు, పేపర్లు వదిలేసి పరుగో పరుగు. వాళ్ళ వెనకే మిగతా క్లాసులన్నీ గ్రౌండ్లోకి. హెడ్మాస్టర్ గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఏం తగలబెట్టారమ్మా" అంటున్నారు. నాకు గుమ్మం ఎటుందో కనపడదు. ఎవరో చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. కీర్తన. "కళ్ళు నులమకండి మేడం" అని నాకే జాగ్రత్తలు చెబుతోంది.

మరియమ్మ కొంగు ముక్కుకి చుట్టుకుని ఫ్యాను ఆపేసింది, కిటికీలు బార్లా తెరిచింది, లోపల మిగిలిన పిల్లల్ని బయటికి పంపింది. కాసేపటికి కాయలన్నీ ఆరుబయట పట్టా మీదకి చేరాయి. "గాలికి వీపు పెట్టి కూర్చోండి" అని మొదలుపెట్టి పీరియడంతా ఆవిడే చెప్పింది. ఆ మాట నా చార్టులో ఎక్కడా లేదు. పది నిమిషాల్లో పిల్లలు ఆవిణ్ణి కూడా మేడం అనేస్తున్నారు. కీర్తన కాయలు వదిలేసి వాళ్ళమ్మనే చూస్తూ కూర్చుంది.

బెల్లు కొట్టాక, కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న నా దగ్గరికొచ్చింది మరియమ్మ. భయంభయంగానే అడిగాను.

"కీర్తనని తీసుకెళ్ళిపోతారా?"

ఎర్రగా వాచిన నా మొహాన్ని ఎగాదిగా చూసి నిట్టూర్చింది.

"ఉంచుతాలెండి మేడం. అది గూడా లేకపోతే మిమ్మల్నెవరు చూసుకుంటారు?"