కంప్యూటర్ పాట, సేటు అనుమానం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, హన్మకొండలో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి చూడాల్సిన వస్తువు. నేను పనిచేసే శిక్షణ కేంద్రంలో అలాంటిది ఒక్కటే ఉండేది. కేంద్రం పెట్టినాయన కింద బియ్యం కొట్టు యజమాని. అందరం సేటు అనేవాళ్లం. బావమరిదిని భాగస్తుడిగా కలుపుకున్నాడు గానీ ఆయనకు బావమరిది మీద అనుమానం, నా మీద అనుమానం, కంప్యూటర్ మీద మరీ అనుమానం (తాళం వేశాక తలుపుకు చెవి ఆనించి, లోపల అదేం చేస్తోందో వినేవాడు).

చేరేవాళ్లు తగ్గిపోవడంతో ఆటోకు మైకు కట్టి మరిపెడ దాకా ప్రచారం చేద్దామనుకున్నారు. కంప్యూటర్ చేతే పాడిస్తానన్నాను. నా ఉద్యోగం నిలబడాలి కదా! కిందామీదా పడి ప్రోగ్రామ్ రాస్తే కీచుగొంతుతో ఏదో రాగం తీసింది. ఎదురుగా టేప్ రికార్డర్ పెడితే ఫ్యాన్ గరగర, కింది హమాలీల కేకలే ఎక్కువ పడ్డాయి. అందుకని డబ్బా విప్పి, లోపలి స్పీకర్‌కు వైరు అతికించి, రెండో కొసన ఉన్న పిన్నును టేప్ రికార్డర్‌లో గుచ్చాను. పిన్ను ఉన్నంతసేపు దాని సొంత మైకు పనిచేయదు. కంప్యూటర్ గొంతు తప్ప మరేదీ టేపులో పడదు.

క్యాసెట్ తిరుగుతుండగా సేటు వచ్చాడు. "ఏం జేస్తానవ్ పిలగా? మా మాటలు టేపుల పడుతానవా? మా బామ్మర్ది జెప్పిండా?" అని ఒకటే కేకలు.

"లేదు సేటూ, లోపలి సౌండ్ ఒక్కటే వస్తది. కావాలంటే ఇనుండ్రి" అని వినిపించాను. కీచు రాగం తప్ప ఏమీ లేదు. దాంతో ఆయన అనుమానం రెట్టింపైంది.

"నేను గింత ఒర్రితి గదా, ఒక్క మాటన్న లేదేంది? చెరిపేసినవ్! మళ్ల వెట్టు. నేను మాట్లాడుత."

పెట్టాను. ఆయన కంప్యూటర్ మీదికి వంగి, "మా బామ్మర్ది ఉత్త బేవకూఫ్! వానికి బియ్యం తెల్వయి, కంప్యూటర్ తెల్వది!" అని అరిచాడు. వంగేటప్పుడే ఆయన మోచేయి తగిలి పిన్ను ఊడిపోయింది. ఇద్దరం చూసుకోలేదు.

అప్పుడే బావమరిది మెట్లెక్కి వచ్చాడు. "పాట తయారైందట గద బావా, జర ఇందాం" అంటూ తనే టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు. కాస్త రాగం, ఆ వెంటనే సేటు గొంతు, అక్షరం పొల్లుపోకుండా.

"మంచిగున్నది బావా. మరిపెడల గిదే ఇనిపిద్దాం" అన్నాడు బావమరిది.

సేటు నావైపు తిరిగి, "నువ్వు రేపటికెల్లి రాకు!" అన్నాడు.

"ఎందుకు రాడు? నీ మనసుల మాట ఇనిపిచ్చినోడు, వాడుండాలె" అని బావమరిది క్యాసెట్ జేబులో వేసుకున్నాడు. నా ఉద్యోగం నిలబడింది. సేటు మాత్రం ఆ తర్వాత ఆ గదిలో చేతిసైగలతోనే మాట్లాడేవాడు.

పాట మళ్లీ రికార్డు చేసి, ఆటో వెంట నేనూ వెళ్లాను. మరిపెడ టీకొట్టు దగ్గర ఒక తాత "ఐస్‌ఫ్రూట్ బండా బిడ్డా?" అని అడిగాడు. "కాదు తాతా, కంప్యూటర్ పాడుతాంది" అని ఛాతీ విరిచి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బూర ఎవరు ఊదుతున్నారోనని ఆటోలోకి తొంగి చూశాడు.

ఇప్పుడది ఫోన్లో వేలితో తాకితే అయిపోయే పని. అయినా, ఒక్కరూ నమ్మకపోయినా నడిబజారులో అంత గర్వంగా నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి పక్కన నిలబడి, "నేను నమ్ముతాన్న పిలగా" అనాలనిపిస్తుంది.