మేవిస్ నల్లగీత

మేవిస్ హీత్‌కోట్ చెయ్యి వణుకుతోందని ఆమెకి తెలిసింది అక్టోబరులో, ఏటి ఒడ్డున. పార్కు దిగువన ఆల్డర్ చెట్ల కింద ఏటేటా ఏరుకునే చిన్న నల్లకాయలు ఏరుతోంది. వేళ్ళ మధ్య నుంచి కాయ జారిపోయింది. ఇంకోటి తీసింది, అదీ జారింది. బొటనవేలు ఆమె మాట వినకుండా దానిపాటికది ఆడుతోంది. చుట్టూ చూసింది. బ్యాండు మేళం అరుగుకి చలికాలపు గుడ్డ కప్పేశారు, బెంచీల మీద పసుపు ఆకులు తప్ప మనిషి లేడు. ఎవరూ చూడలేదని ఊపిరి పీల్చుకుని, సంచీ సగం కూడా నిండకుండానే ఇంటికొచ్చేసింది.

ఆ కాయలు లేకపోతే జూలై లేదు. జూలైలో థోర్న్‌వెల్ ఊరు తన గోరువెచ్చని ఊటకి పూల పటం కట్టి కృతజ్ఞత చెప్పుకుంటుంది. మనిషెత్తు చెక్కపలకలు ఏట్లో నానబెట్టి, ఉప్పు కలిపిన బంకమట్టి మెత్తి, బొమ్మ అంచులన్నీ నల్లకాయలు గుచ్చి గీసి, లోపల పూరేకులు ఒక్కొక్కటే అద్దుతారు. అంచు గీసేది మేవిస్. పాత స్నానశాలలో తువాళ్ళు అందించిన రోజుల నుంచీ, అది మూతపడి ఉద్యోగం పోయాక కూడా, ఆ నల్లగీత ఆమెదే. రేకులు ఎవరైనా అద్దుతారు. గీత వంకరపోతే మాత్రం పటంలో ఏసుప్రభువుకి మెల్లకన్ను వస్తుంది.

చెయ్యి పట్టు తప్పినవాళ్ళని ఏం చేస్తారో మేవిస్‌కి తెలుసు. అందరికీ టీ కాచే కెటిల్ దగ్గరికి పంపుతారు. చాలా మర్యాదగానే పంపుతారు. విన్నీ హాడ్కిన్‌ని అలాగే పంపారు. మరుసటేడు విన్నీ రాలేదు, ఆపైన ఇల్లు దాటడమే మానేసింది. మేవిస్‌కి మొగుడూ లేడు, పిల్లలూ లేరు. పటం కట్టే కొట్టంలో నలుగురితో కూర్చునే కొద్దిరోజుల కోసమే ఆమె ఏడాదంతా గడుపుతుంది. అవి పోతాయేమోనని ఆమె భయం.

చలికాలం రాగానే కాస్త ధైర్యం వచ్చింది, చలికి అందరి చేతులూ వణుకుతాయి కాబట్టి. కొండల మీంచి మంచు దిగి నెలవంక వీధి రాతి గడపల మీద పేరుకుంది. ఊట దగ్గర రాతిసింహం నోట్లోంచి పడే నీళ్ళు ఆవిరి కక్కుతున్నాయి. పట్టుకుంటుంటే సీసా కుదురుగా నిలవక సగం నీళ్ళు మేవిస్ బూట్ల మీదే పడ్డాయి.

"ఏంటే మేవిసూ, నిలబడే స్నానం చేసేస్తున్నావా?" అంది వెనక నుంచి బెరిల్. పూల పటం పనంతటికీ పెద్ద ఆవిడే. చిన్నప్పటి స్నేహితురాలు, నోరు మాత్రం కత్తెర.

"చలే తల్లీ, చలి. ఒంటినిండా కొవ్వున్నదానివి, నీకేం తెలుస్తుంది?"

"కొవ్వు కాదే, కోటు!"

బెరిల్ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మేవిస్ సగం సీసాతోనే ఇంటిదారి పట్టింది.

వసంతంలో చలి వంక కూడా పోయింది. టౌన్‌హాలు ముందు వాలు మీద ఊదారంగు క్రోకస్ పూలు లేచాయి. హోటళ్ళ వాళ్ళు తలుపులకి కొత్త రంగులు వేశారు. ఊరంతా ముస్తాబవుతుంటే మేవిస్‌కి ముద్ద దిగేది కాదు. ఏ పువ్వు విచ్చినా జూలై ఇంకో అడుగు దగ్గరికొచ్చినట్టే ఉండేది. బెరిల్‌తో శుక్రవారం టీ దుకాణానికి వెళ్ళడం మానేసింది, సాసరు మీద కప్పు గలగలమంటుందని. ఒకసారి పన్నునొప్పి అంది. ఒకసారి పిల్లికి జ్వరం అంది. మేవిస్‌కి పిల్లి లేదని బెరిల్‌కి తెలుసు.

ఇంట్లో వంటబల్ల మీద పిండిముద్ద పరిచి కాయలు గుచ్చి చూసుకునేది. గీత తిన్నగా వచ్చిన రోజున కూనిరాగం తీసేది. మర్నాడది కోడి కెలికినట్టుండేది.

జూలై రానే వచ్చింది. ఈసారి పటంలో బొమ్మ ఊరే: నెలవంక వీధి, వెనక స్నానశాల గోపురం, మూలల్లో నాలుగు రుతువులు. మంచుకి తెల్లటి రాతిపాచి, శరత్తుకి ఎండుటాకులు తెచ్చిపెట్టారు. చర్చి వెనక కొట్టంలో పలక ముందు మేవిస్ ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని కూర్చుంది. శనివారం పాదిరిగారు వచ్చి ఊటని దీవిస్తారు, ఊరంతా చూస్తుంది. సాయంత్రానికి గోపురం అంచు సగం అయింది. బాగానే వచ్చిందనుకుంది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. "రేపొస్తా" అని లేచింది.

వీధి మలుపు దాకా వెళ్ళాక స్వెటర్ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. కొట్టం తలుపు తీసే ఉంది. లోపల బెరిల్ ఒక్కతే పలక మీదికి వంగి, మేవిస్ గుచ్చిన కాయల్ని ఒక్కొక్కటే పీకి, మట్టి వేలితో నున్నగా సర్ది, మళ్ళీ గుచ్చుతోంది.

మేవిస్ మొహం మండిపోయింది. "ఎప్పుడు కనిపెట్టావ్?"

బెరిల్ ఉలిక్కిపడింది. "అమ్మా! ప్రాణం పోయిందే."

"అడిగినదానికి చెప్పు. ఇవాళా? చలికాలంలోనా?"

బెరిల్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. "నాలుగేళ్ళయిందే. ఏటా నువ్వెళ్ళాక సరిచేస్తున్నా."

మేవిస్ గోడకి ఆనుకుంది. తనకి తెలిసింది మొన్న అక్టోబరులో. అంటే, తన చెయ్యి సంగతి తనకంటే ముందే ఇక్కడ తెలుసు. ఇన్ని నెలలు దాచి దాచి చచ్చింది ఎవరి దగ్గర? సిగ్గుతో చితికిపోయింది.

"పోయినేడు పేపర్లో పడ్డ పటం ఫోటో తీసుకెళ్ళి, నా గీత చూడండి అని మాంసం కొట్టు ఆయన ముందు ఎన్ని గొప్పలు పోయానో తెలుసా నీకు?"

"తెలుసు. మా మరిదేగా. నువ్వెళ్ళేదాకా నవ్వు బిగబట్టుకున్నాడట."

మేవిస్‌కి ఏడుపొచ్చింది. "నాకో మాట చెప్పొచ్చు కదే!"

"చెప్తే కెటిల్ దగ్గర కూర్చునేదానివి. తర్వాత అదీ మానేసేదానివి." బెరిల్ పలక వైపు తిరిగింది. "విన్నీకి నేనే చెప్పానే. ఇంకోసారి నావల్ల కాలేదు."

మేవిస్ ముక్కు తుడుచుకుని పలక దగ్గరికొచ్చింది. బెరిల్ సరిచేసిన అంచు వైపు కాసేపు చూసింది.

"ఇదేం గోపురమే? బోర్లించిన బొచ్చెలా ఉంది. అదంతా పీకు. నేను చెప్తా, నువ్వు గుచ్చు."

"అయితే రేపొస్తావన్నమాట."

"నాలుగేళ్ళుగా నా పేరు మీద ఊరికి బొచ్చెలు చూపిస్తున్నావు, రాకుండా ఎలా ఉంటానే?"