‘ఏటి’ అని రాసిన బగ్ రిపోర్టు

తెలుగు అక్షరాల ప్యాకేజీని బిల్డుకి పెట్టిన కాసేపటికి నా కంప్యూటర్ లోంచి ఎండలో మరిచిపోయిన ప్లాస్టిక్ బకెట్టు వాసన వస్తుంది. ఈ మధ్యాహ్నమూ వచ్చింది. తెరమీద వరసలు పైకి పాకుతుంటే కళ్లు మూతలుపడి, చీపురుపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక మేడగదిలో తేలాను. కిటికీ దగ్గర కుర్చీలో, పొందూరు ఖద్దరు చొక్కాలో ప్రభుదాసుగారు కూర్చుని ఉన్నారు.

ఆయన నా మొదటి యజమాని. బాప్టిస్టు చర్చి వాళ్ల బడిలో లెక్కలు చెప్పడం మానేసి, బడుల కంప్యూటర్లు బాగుచేసే పని పెట్టుకున్నారు. తీరిక దొరికితే, ఎవరైనా ఉచితంగా వాడుకునే, ఎవరైనా సరిదిద్దగలిగే తెలుగు అక్షరాల ప్యాకేజీ ఒకటి విడుదలకు ముందే బిల్డు చేసి, అంటే రాసిన కోడును కంప్యూటర్లో నడిచే రూపంలోకి కూర్చి, పరీక్షించేవారు. రెండువేల పది దాటిన కొత్తలో, డిగ్రీ అవగానే నేను ఆయన దగ్గర చేరాను. బిల్డు అయ్యేదాకా చేసే పనేమీ ఉండదు. గూడ్సుబండి పోతుంటే గది మెల్లగా ఊగేది. “నిద్దరొస్తే పడుకో తల్లీ, తప్పుంటే అదే లేపుతాది” అనేవారు. ఆ గదంటే నాకు ఎంతిష్టమో చెప్పలేను.

ఒకరోజు, ప్రతి బిల్డు చివరా దానంతటదే జరిగే టెస్టులన్నీ నెగ్గాయి. సరదాగా శ్రీకాకుళం అని కొట్టి చూశాను. మొదటి అక్షరం విడిపోయి, శ్ ఒకచోట, రీ ఇంకోచోట పడ్డాయి. ప్యాకేజీ అలాగే విడుదలైతే ప్రతి బడి కంప్యూటర్లోనూ నేను పుట్టిన జిల్లా పేరు ముక్కలై కనిపిస్తుంది. ఆత్రం పట్టలేక తప్పు దొరికిందని తెలిపే నా మొదటి బగ్ రిపోర్టు మా వైపు మాట్లాడినట్టే రాసి పంపేశాను: “శ్రీ కొడితే ఏటి వస్తాదో సూడండి. అంతా పాడైపోనాది.”

సాయంత్రానికి ప్యాకేజీ చూసుకునే ఆయన జవాబిచ్చారు. “ఏటి అంటే ఏరు కదా? మీరు ఏ నది గురించి అడుగుతున్నారు? సమస్య అర్థం కాలేదు.” రిపోర్టు మూసేశారు. మేం ‘ఏమిటి’ని ‘ఏటి’ అంటామని ఆయనకు తెలియదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ పని నాకు రాదు, నాన్న చూసిన బడి ఉద్యోగంలో చేరిపోతానంటూ బ్యాగు తీసుకున్నాను.

ప్రభుదాసుగారు తెర చదివి పడీపడీ నవ్వారు. “నాగావళి అని రాసెయ్యలేకపోనావా!” నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నారు: “ఆయన తప్పేటీ నేదమ్మా. ఆయన మన గదిల కూకోనేదు కదా. ఏటి సేసినావు, ఏటి రావాల, ఏటి వచ్చినాది, ఇవి సెప్పు సాలు. ‘పాడైపోనాది’ అంటే అది ఏడుపు. అందుల కబురేటున్నాది?”

బ్యాగు దింపాను. కొట్టిన మీటలు, రావలసిన శ్రీ, వచ్చిన ముక్కలు, అన్నీ పుస్తకాల తెలుగులో రాసి, తెర ఫొటో జతచేశాను. విడుదలకు ముందే సరిచేశారు. మళ్లీ చెడకుండా ఒక టెస్టు కూడా రాసి పంపమన్నారు. అందులో ఏ వాక్యం పెట్టమంటారని ప్రభుదాసుగారిని అడిగాను.

ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు: “శ్రీకాకుళం బండి వచ్చినాదేటి?”

“మళ్లీ నది అంటారు సార్!”

“అననీ. అడిగినప్పుడు అవతలోడికి తెలిసీలాగ అడుగు. మనం ఎవులమో మాత్రం దాసకు.”

ఆయన పోయి కొన్నేళ్లయింది. కబురు ఆలస్యంగా తెలిసి భూస్థాపనకు వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది. కానీ ఆ ప్యాకేజీని ఎవరు, ఏ దేశంలో బిల్డు చేసినా, తెలుగు ముక్క రానివాళ్ల యంత్రమైనా సరే, నా టెస్టులో పెట్టిన ఆయన ప్రశ్న ఒకసారి అడిగే ముందుకు పోతుంది. ఈ మధ్యాహ్నం నా కంప్యూటరూ అడిగింది. గదిలో ఎవరూ లేరు.

“వచ్చినాది సార్” అన్నాను, పైకే.