లక్ష్మణరావు మెత్తబరిచిన మాటలు

ఒడిశాలోని బరంపురంలో పెద్దబజారు వెనక సందులో పెళ్ళి కుదరాలంటే లక్ష్మణరావు చెయ్యి పడాల్సిందే. చింతపండు హోల్‌సేలు ఆయన వ్యాపారం, సంబంధాలు కలపడం ఆయన సరదా. మగపెళ్ళివారు పిల్ల నలుపంటే, అది ఆడపెళ్ళివారికి చేరేసరికి "పిల్ల కళగా ఉందన్నారు" అయ్యేది. వాళ్ళింట్లో ముసలాయనకి నోటిదురుసట కదా అని వీళ్ళంటే, "పెద్దాయన ముక్కుసూటి మనిషని మెచ్చుకున్నారు" అయ్యేది. పెళ్ళయ్యాక అసలు సంగతి తెలిసినా అప్పటికే వియ్యంకులైపోయారు కాబట్టి నవ్వేసి ఊరుకునేవారు. ఈ విద్య రాజకీయాలకీ పనికొస్తుందనుకోవడమే ఆయన చేసిన పొరపాటు.

రాష్ట్రంలో గవర్నమెంటు మారాక సందు రెండుగా చీలింది. గెలిచిన పార్టీ వైపు రెడీమేడ్ షాపు సాయిరామ్, ఓడిన పార్టీ వైపు ప్రింటింగ్ ప్రెస్సు రాఘవేంద్ర. ఒకరి ఇంట్లో పేరంటానికి ఇంకొకరి ఇంటి ఆడవాళ్ళు వెళ్ళడం మానేశారు. ఇంతకీ కొట్టుకోవడానికి వాళ్ళకి దొరికింది దానమ్మ బుట్ట.

దానమ్మది సముద్రపొడ్డున పొడంపేట. తెల్లారకుండా బయల్దేరి ఆటోలో కొంత, బస్సులో కొంత వచ్చి, వర్తక సంఘం హాలు పక్క మూలలో ఎండు నెత్తళ్ళ చేపలు, ఎండురొయ్యలు అమ్ముకునేది. తుపాను ఇల్లు ఎత్తుకుపోయిన ఏడాది ఆ మూల ఆమెకి ఇప్పించింది రాఘవేంద్ర. ఎన్నికల ఊరేగింపులో ఆమె రాఘవేంద్ర వాళ్ళ లారీ మీద కనబడింది. అంతే, ఆ బుట్ట పార్టీ బుట్ట అయిపోయింది. కోమట్లు తిరిగే సందులో చేపల కంపేటని సాయిరామ్ మనుషులు లేచారు. ఇన్నేళ్ళూ వాళ్ళ ముక్కులేమయ్యాయని రాఘవేంద్ర మనుషులు అడిగారు. కుర్రాళ్ళు వచ్చి బెదిరించాక దానమ్మ రావడం మానేసింది.

సంఘం ప్రెసిడెంటు లక్ష్మణరావే. పెళ్ళి రాయబారంలాగే ఇటూ అటూ తిరిగాడు. సాయిరామ్ అన్నది ఇది: "పెదనాన్నా, ఆ మనిషి మళ్ళీ కూకుంటే బుట్ట కాలవలో ఉంటాది. ఎల్లి సెప్పండి." రాఘవేంద్ర దగ్గరికి చేరేసరికి అది, "కుర్రాడు మెత్తబడ్డాడు, ఆలోచిద్దామన్నాడు" అయింది. రాఘవేంద్ర అన్నది ఇది: "ఆడి తాత మా తాత దగ్గర మూటలు మోసేడు, బావా. ఇయ్యాల ఆడు నాకు రూల్సు సెప్తాడా?" సాయిరామ్ చెవిన పడింది మాత్రం, "రాఘవేంద్ర నిన్ను ఇంటి కుర్రాడిలా చూస్తాడు, ఈ సంగతి నీ పెద్దమనసుకే వదిలేశాడు" అని. ఆ ముక్క విని సాయిరామ్ తాను గెలిచాననుకున్నాడు. రాఘవేంద్ర కూడా తానే గెలిచాననుకున్నాడు. సందులో వారం రోజులు ఎవరూ గొంతెత్తలేదు. దానికి సామరస్యం అని పేరు పెట్టి లక్ష్మణరావు రోటరీ వాళ్ళ మీటింగులో ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు. మన దగ్గర చాలామందికి సామరస్యం అంటే ఎవరూ ఏమీ అనకపోవడమే.

ఆయన ఆ ఊపులో ఉండగానే దానమ్మ ఫోను చేసింది. రావచ్చా బాబూ అని అడిగింది. నిశ్చింతగా రా, అన్నీ మాట్లాడేశాను అన్నాడు.

ఆమె వచ్చింది. రాలేని రోజుల సరుకంతా కలిపి రెండు బుట్టలు తెచ్చింది. గోనె పరిచి కూర్చుందో లేదో సాయిరామ్ కుర్రాళ్ళు దిగారు. పెద్దగా అరుపులేమీ లేవు. ఒకడు ఒక బుట్ట, ఇంకొకడు ఇంకో బుట్ట ఎత్తి సందు పక్క కాలవలో బోర్లించి చేతులు దులుపుకున్నారు. లక్ష్మణరావు కొట్టు అక్కడికి ఎదురుగానే. తక్కెడ వెనక నిలబడి అంతా చూశాడు. మెట్లు దిగాలనుకున్నాడు. బేరానికొచ్చిన అస్కా ఊరి వ్యాపారితో, చింతపండులో ఈసారి పిక్క తక్కువని చెబుతూ ఉండిపోయాడు. కాలవలోంచి చేతికందినన్ని ఏరుకుని దానమ్మ ఆయన కొట్టు ముందుకొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు.

"మీరు ఆలని అడిగేరా బాబూ? ఆలు ఏటన్నారు?"

ఆయన తక్కెడ వైపు తిరిగాడు. ఏరినవి తడి గోనెలో మూటగట్టుకుని ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భార్య వాసవీకుమారి అడిగింది, మెట్లెందుకు దిగలేదని. బీపీ అన్నాడు. "పొద్దున్నే మాత్ర ఏసుకున్నారు కదండీ" అని ఆవిడ మజ్జిగ పోసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఆదివారం సంఘం మీటింగు పెట్టాడు. ఏ తగువైనా ముందే వరండాలోకి పిలిచి సర్దేసి, లోపల జీడిపప్పు పకోడీ తిని, అంతా ఏకగ్రీవం అని రాసుకోవడం ఆ సంఘం అలవాటు. ఈసారి వరండా లేదు. దానమ్మని కూడా పిలిపించి కుర్చీ వేయించాడు. రానంది మొదట. నా తరఫున మీరు మాట్లాడొద్దు, నేనే మాట్లాడుకుంటాను, అలాగైతే వస్తానంది. సరేనన్నాడు.

లేచి నిలబడి, ఒకరి మాట ఇంకొకరికి ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. బుట్ట కాలవలో ఉంటాదన్న మాటా, మూటలు మోసిన తాత మాటా ఒక్క పొల్లు తగ్గించకుండా చెప్పాడు. హాలంతా గొడవ లేచింది. సాయిరామ్ కుర్చీ తన్నాడు. రాఘవేంద్ర చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఇద్దరూ తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో తిట్టుకున్నారు. అరిచి అరిచి గొంతులు పోయాక, లక్ష్మణరావు అసలైన మాట బయటపెట్టాడు.

"ఆ వాసన నాకూ పడదు. దానమ్మ ఎల్లిపోతే బాగుణ్ణని నాకూ ఉంది. అందరి మాటలూ మార్చేను గానీ, నా మాట ఎవరికీ సెప్పలేదు."

దానమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఆ ముక్క ఫోన్లోనే అనుంటే ఆ రోజు నాను వచ్చేదాన్ని కాదు బాబూ."

ఆయన కూర్చున్నాడు. కాలవలో పడ్డ సరుకు సాయిరామ్ పోయించిందే కావచ్చు, కానీ ఆమెని అక్కడికి రప్పించింది తను. పైగా, వచ్చినందుకు ఆమెకేదైనా అయితే తన కోరిక తీరుతుందన్న ఆలోచన ఆ రోజు ఎక్కడో లోపల ఉందా లేదా? లేదని గట్టిగా అనలేకపోయాడు.

దానమ్మ సాయిరామ్ వైపు తిరిగింది. ఆ లారీ ఎందుకెక్కేవని అతనడిగితే, "సీర ఇచ్చేరు, ఎక్కేను. మర్నాడు మీ లారీ కూడా ఎక్కేను కదా బాబూ, మీది పచ్చ సీర" అంది. అటూ ఇటూ అందరూ నవ్వారు. సాయిరామ్ నవ్వాపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. తర్వాత అసలు బేరం మొదలైంది. మూతలున్న డబ్బాల్లో తెస్తాను, పొద్దున్న పది దాటకుండా లేస్తాను, మూల కడిగి ఎల్తాను అంది ఆమె. వాసన మాట అబద్ధం కాదని, తన తల్లి శుక్రవారం ఆ దారిన గుడికి వెళ్ళలేకపోతోందని సాయిరామ్ అన్నాడు. ఆ సంగతి రాఘవేంద్రకి అంతవరకూ తెలియదు. అయితే శుక్రవారాలు రానంది దానమ్మ. పోయిన సరుకు సంగతేటని రాఘవేంద్ర అడిగితే, కుర్రాళ్ళ చేత ఇప్పిస్తానని సాయిరామ్ ఒప్పుకున్నాడు. మూల ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఎంతకీ తెగకపోయేసరికి ఎవరో చేతులెత్తమన్నారు. ఆ హాల్లో అది మొదటిసారి. దానమ్మ ఉండాలన్నవాళ్ళు ఎత్తమంటే, ముందు రాఘవేంద్ర, తర్వాత అతని వాళ్ళు, ఆ తర్వాత అనుకోని ఇద్దరు ముగ్గురు ఎత్తారు. లక్ష్మణరావు చుట్టూ చూశాడు. ఎత్తిన చేతులే ఎక్కువని తేలిపోయాక తన చెయ్యీ లేపాడు.

సాయిరామ్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. "ఓడిపోయేను, సరే. ఆమె బుట్ట జోలికి మావోళ్ళు రారు. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను" అన్నాడు. తర్వాత లక్ష్మణరావు వైపు వంగి, పక్కవాళ్ళకి వినబడకుండా అన్నాడు: "నా సెయ్యి ఎక్కడుందో దానమ్మకి తెలుసు, పెదనాన్నా. మీది లేటుగా లేచింది. నాను సూసేను."

పైన ఉన్న చెయ్యి దింపాలో ఉంచాలో లక్ష్మణరావుకి తెలియలేదు. అందరూ దింపేసి పకోడీల వైపు కదిలాక కూడా అది కొంచెంసేపు అక్కడే ఉండిపోయింది.