నేను రాసిన పన్నెండు మీటర్లు

మా పక్కపొలం మునెమ్మ బోరులో నీళ్లకు బదులు దుమ్మొచ్చిందని నాకు మొదట చెప్పింది పాలకేంద్రం రెడ్డెప్ప. దానికి కారణం నేనన్న మాట ఇన్నేళ్లుగా నాలోనే దాచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

మాది పుంగనూరు దగ్గర పల్లె. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. అందుకే తొంభైల చివర్లో భూగర్భజల శాఖ ఆఫీసరు ఒకాయన వచ్చి, మా పాతబావిలో నెలనెలా టేపు వదిలి నీళ్ల లోతు రాయమని పుస్తకమిస్తే, నా చదువుకూ ఒక పని దొరికిందని దేవుడికి దండం పెట్టుకున్నాను. నేలకింద నీళ్లు చెరువులా నిలిచి ఉండవని, రాతి నెర్రెల్లో ఉంటాయని, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇదే తీరని, ఒకరు లాగితే ఇంకొకరికి తగ్గుతాయని ఆయన ఓపికగా చెప్పాడు. నాకు అర్థమైంది. అర్థం కాలేదని తప్పించుకునే దారి కూడా లేదు.

తర్వాత వానలు తప్పాయి. టేపు పంతొమ్మిది మీటర్లు చూపింది. అప్పటికే మేం బోరుకు అనుమతి అడిగి ఉన్నాం. అంత లోతని రాస్తే అనుమతి రాదన్నాడు మా ఆయన. పన్నెండని రాశాను. మూడు నెలలూ అదే అంకె. తడి టేపును కొంగుతో తుడుచుకుంటూ రాశాను. బోరు పడింది. తొలి చెంబు నీళ్లు స్వామి పటం ముందు పెట్టి హారతిచ్చాను. దొంగసొత్తుకు పసుపుకుంకాలు పెట్టిన చేతులివి.

మునెమ్మ పొలం మాకు కిందివైపు. మొగుడు లేని మనిషి, మల్బరీ తోటే ఆధారం. మా బోరు ఆడిన నెలకే ఆమె బావి అడుగంటింది. వచ్చి గడపలో కూర్చుంది.

"అక్కా, నీ బుక్కు సూసి సెప్పు. నీళ్లు యాడ ఉండాయి? ఆవుల్ని అమ్మి బోరు ఏపిద్దామనుకుంటాండాను."

పుస్తకం తెరిచాను. నా అక్షరాలే. "పన్నెండు మీటర్లలో ఉండాయి మునెమ్మా."

"సాలక్కా. టెంకాయ అరసేతిలో పెట్టుకుని నీళ్లు సూసేటోడి కన్నా నీ బుక్కే నాకు నమ్మకం."

నిజం చెబితే ఏం పోయేది? మహా అయితే మా బోరు. భర్తకు భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఆమె లేచిపోతుంటే నా చెవి మా మోటారు చప్పుడు మీదే ఉంది, అది ఆగకూడదనే నా మనసు కోరింది. ఎంత నీచం!

రెండు ఆవులూ పోయాయి. బోరు ఎంత దింపినా తెల్లటి దుమ్మే. ఆమె గుడుపల్లె వైపు కూలికి వెళ్లిపోయింది. పుస్తకం అబద్ధమని ఆమెకు తెలియదు.

నిన్న ఆ పుస్తకంలో పన్నెండు కొట్టేసి పంతొమ్మిది రాశాను. దానివల్ల ఏ బావిలోకీ చుక్క రాదు. క్షమించమని ఎవరినీ అడగను. మీకు చెప్పాను, అంతే.

మీ మోటారు స్విచ్చి వేసి నీళ్లు పడిన రోజు, దేవుడికి దండం పెట్టేముందు, మునెమ్మను ఒక్కసారి తలుచుకోండి.